కాలిన గాయం మీది ఆ పొర చీమేనా?

మందస వైపు ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయొద్దన్నారు. నాలుగు పేజీల సంగతిని కుదించి చెబుతాను.

రాసినావిడకు ఇరవై తొమ్మిదేళ్ళు. భర్త చెన్నైలో వెల్డింగ్ పనిలో ఉన్నారు. ఇంట్లో అత్తమామలు, మూడో తరగతి చదివే కొడుకు. ఈమె పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తారు. ఒక సాయంత్రం పని నుంచి రావడం ఆలస్యమైతే అత్తగారే అన్నం వార్చబోయారు. గిన్నె జారి, మరిగే గంజి కుడికాలి మీద పడింది. పాదం పైభాగమంతా, చీలమండ దాకా కాలింది. అత్తగారికి యాభై ఏడేళ్ళు. ఆరేళ్ళుగా సుగర్‌కి బిళ్ళలు వేసుకుంటున్నారు. మొన్నామధ్య ఊళ్ళో కిడ్నీ పరీక్షలు చేసినప్పుడు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9 ఉందని, అంటే ఉండాల్సినదానికంటే ఎక్కువని కాగితం ఇచ్చారు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఈ ఉద్దానం ప్రాంతంలో ఆ మాట వినని ఇల్లుండదు కాబట్టి ఆ కాగితం బీరువాలోకి వెళ్ళిపోయింది.

అదే వీధిలో ఉండే ఆడపడుచు పరుగున వచ్చి టూత్‌పేస్టు పూశారు. రాత్రికి ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు వచ్చి, అదంతా తుడిచి, టీటీ ఇంజెక్షన్ చేసి, తెల్లటి సిల్వర్ క్రీము రాసి కట్టు కట్టారు. రోజూ రాయమని ట్యూబు, రోజుకు రెండేసి వేసుకోమని నొప్పి బిళ్ళలు ఇచ్చారు. ఉత్తరం రాసేనాటికి తొమ్మిదో రోజు. గాయం మీద పసుపూ బూడిదా కలిసిన రంగులో పొర కట్టింది. "తెల్ల మందు రాసి రాసి మా అమ్మ కాలు కుళ్ళబెట్టీసినావు" అని ఆడపడుచు కేకలు. పక్క ఊళ్ళో పసరు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తానంటున్నారు. పప్పు, గుడ్డు, వంకాయ మాన్పించారు. భర్త ఫోన్‌లో "అక్క చెప్పినట్టు చెయ్యి" అంటారు. ఆస్పత్రి పేరెత్తితే అత్తగారు "కాలు తీసీస్తారు" అని ఏడుస్తారు. చీలమండ పక్కన ఒక చోట మాత్రం అసలు నొప్పే లేదంటున్నారట, ఆ చోటు మానిపోతోందని ఇంట్లో కాస్త ఊరట. క్రీము ఆపేయాలా, ఆ పొర చీమేనా, పథ్యం సంగతేమిటి, ఈ ట్యూబు ఇంట్లో ఉంచుకుని ఎవరికి కాలినా రాయొచ్చా అని అడిగారు. చివర్న ఇంకొక్క వాక్యం: "ఆ రోజు నేను పనికెళ్ళకపోతే ఇదంతా అయ్యేది కాదు గదా?"

అమ్మా,

మీ ఉత్తరం అందిన రోజే మీ నంబరుకు రెండు ముక్కలు పంపాను, జవాబు కోసం ఆగకుండా కాలు ఒకసారి డాక్టరుకు చూపించమని. చూపించారో లేదో తెలియదు. చూపించినా ఇక్కడ రాసేది పనికొస్తుంది, ఎందుకంటే కట్టు మార్చాల్సింది ఎలాగూ మీరే.

ముందు ఆఖరి ప్రశ్న. గంజి గిన్నె జారడానికీ మీ కూలి పనికీ సంబంధం లేదు. అత్తగారు పాతికేళ్ళ పైబడి అన్నం వారుస్తున్న మనిషి, అది మీరు ఇంట్లో ఉన్న రోజూ జారవచ్చు. మీ ఆడపడుచు కోపం కూడా మీ మీద కాదనుకుంటాను. కళ్ళ ముందు తల్లి కాలు రంగు మారుతుంటే మనిషికి ఎవరినో ఒకరిని అనాలనిపిస్తుంది. టూత్‌పేస్టు పూసింది తనే కాబట్టి ఆవిడకూ లోపల బెరుకు ఉండి ఉంటుంది. ఆ లెక్క అక్కడితో వదిలేద్దాం, కాలు సంగతి చూద్దాం.

మీ ఇంట్లో ఇప్పుడు మూడు తగాదాలు ఒకటిగా ముడిపడి ఉన్నాయి. మందు మంచిదా కాదా అన్నది ఒకటి. గాయం ఎంత లోతు అన్నది రెండోది. ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లాలి అన్నది మూడోది. అందరూ మొదటిదాని మీద అరుచుకుంటున్నారు. అసలు భయపడాల్సింది రెండోదాని గురించి, దాన్ని ఎవరూ అడగడం లేదు.

క్రీము సంగతి చెబుతాను. సిల్వర్ సల్ఫాడయజిన్ అంటే వెండినీ ఒక సల్ఫా మందునీ కలిపి చేసినది. మీ ట్యూబు మీద 1 శాతం అని ఉంటుంది చూడండి. 1968లో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫాక్స్ అనే డాక్టరు దీన్ని తయారుచేశారు. అంతకుముందు కాలిన రోగుల్లో చాలామంది కాలడం వల్ల కంటే, తర్వాత గాయంలో సూక్ష్మజీవులు పెరిగి, అవి రక్తంలోకి పాకి చనిపోయేవారు. ముఖ్యంగా సూడోమోనాస్ అనే ఒక మొండి బాక్టీరియా, గాయం మీద ఆకుపచ్చటి రసి తెస్తుంది. దాన్ని అదుపులో పెట్టింది కాబట్టే ఈ క్రీముకు అంత పేరు. నేను సర్జరీ వార్డులో డ్రెస్సింగ్ ట్రాలీ తోసిన రోజుల్లో ఈ తెల్ల క్రీము డబ్బాలు బళ్ళకొద్దీ అయిపోయేవి.

అయితే ఇది కాపలా మందు. చర్మాన్ని పుట్టించే మందు కాదు. సూక్ష్మజీవులను ఆపుతుంది, కింద మానడం అన్నది ఒంటి పని. పైగా, పైపైన కాలిన గాయాల్లో కొత్త చర్మం రావడాన్ని ఇది కొంత ఆలస్యం చేస్తుందని తర్వాత తేలింది. 2013లో కాక్రేన్ సంస్థ వాళ్ళు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు, ఈ క్రీము రాసిన గాయాల కంటే వేరే రకం కట్లు వేసినవి త్వరగా మానినట్టు కనబడింది. అందుకని ఇప్పుడు చాలా చోట్ల చిన్న గాయాలకు దీన్ని వాడటం తగ్గించారు. మీ ఆర్ఎంపీ డాక్టరు రాయడం నేరమేమీ కాదు. సుగర్ ఉన్న మనిషి పాదం కాబట్టి ఇన్‌ఫెక్షన్ భయంతో రాసి ఉంటారు, ఆ భయం సరైనదే. తొమ్మిది రోజులైనా గాయం కడిగి, లోతు చూసి, ఇంకా రాయాలా వద్దా అని ఎవరూ తేల్చకపోవడమే లోపం.

ఇక ఆ పొర. ఈ క్రీము గాయం నుంచి ఊరే రసితో కలిసి రెండు మూడు రోజుల్లో పసుపు, బూడిద రంగు జిగురు పొర కడుతుంది. ఇది మందు చేసే పనే, దాదాపు అందరిలోనూ కనబడుతుంది. చూసినవాళ్ళు చీము అనుకోవడమూ మామూలే. చీముకీ దీనికీ తేడా కడిగితే తెలుస్తుంది. మరిగించి చల్లార్చిన నీళ్ళతో బాగా నానబెట్టి, శుభ్రమైన గాజుగుడ్డతో నెమ్మదిగా తుడిస్తే మందు పొర చాలావరకు మెత్తగా ఊడుతుంది. పెద్దగా వాసన ఉండదు, కింద ఎర్రగా గాని గులాబీ రంగులో గాని తడి చర్మం కనబడుతుంది. చీమైతే కుళ్ళు వాసన వేస్తుంది, తుడిచినా మళ్ళీ ఊరుతుంది, గాయం అంచు చుట్టూ చర్మం ఎర్రబడి వేడిగా ఉంటుంది, రోజురోజుకూ నొప్పి పెరుగుతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఊడి రాని పొరను గోకవద్దు, లాగవద్దు. అది మందు పొర కాకుండా చచ్చిన చర్మం కావచ్చు, దాన్ని తీయడం డాక్టరు పని.

మీరు పాత పొర తుడవకుండా దాని మీదే కొత్త మందు రాస్తున్నారేమో అని నా అనుమానం. "రోజూ రాయమన్నారు" అని రాశారే గాని కడగడం గురించి ఉత్తరంలో ఎక్కడా లేదు. అలా రాస్తే మందు గాయానికి తగలదు, పొర మందం కట్టి కింద ఏముందో ఎవరికీ కనబడదు.

ఇప్పుడు నన్ను కలవరపెట్టిన మాటకు వస్తాను. చీలమండ పక్కన నొప్పి లేని చోటు.

కాలిన గాయంలో నొప్పి లేకపోతే మానుతోందని అనుకోవడం అందరూ చేసేదే. లోతు పెరిగేకొద్దీ నొప్పి తగ్గుతుంది, ఎందుకంటే నొప్పి తెలిపే నరాల కొసలు కూడా కాలిపోతాయి. పైపైన కాలితే ఎర్రగా ఉండి మండుతుంది, బొబ్బ రాదు. కొంచెం లోపలికి వెళ్తే బొబ్బలు లేస్తాయి, గులాబీ రంగులో తడిగా, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పిగా ఉంటుంది. అలాంటిది సాధారణంగా రెండు మూడు వారాల్లో మానుతుంది. ఇంకా లోతైతే చర్మం తెల్లగా గాని, మచ్చలు మచ్చలుగా గాని, తోలులా గాని కనబడుతుంది, నొప్పి మొద్దుబారుతుంది. మీ అత్తగారికి సుగర్ వల్ల కూడా పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏదో గాయం చూడకుండా నేను చెప్పలేను, ఎవరూ చెప్పకూడదు. ఏదైనా సరే, అది ఊరట చెందే విషయం కాదు.

గంజి గురించి కూడా ఒక మాట. కాగిన నీళ్ళు పడితే జారిపోతాయి. గంజి జిగట, చర్మానికి అంటుకుని అక్కడే వేడి దింపుతుంది. దానికి తోడు చీర కుచ్చిళ్ళు తడిసి కాలికి అతుక్కుంటే ఆ గుడ్డ కింద ఇంకా కాలుతుంది. చీలమండ దగ్గర చర్మం పలుచన, కింద కండ లేదు. అందుకే ఆ చోటు మీద నాకు అనుమానం ఎక్కువ.

ఇంకొక సంగతి మీరు రాయలేదు, నేనే అడుగుతున్నాను. అత్తగారి మట్టెలు తీశారా? కాలు వాచినప్పుడు మట్టె వేలికి బిగుసుకుని రక్తం ఆడనివ్వదు. సుగర్ ఉన్నవాళ్ళకు ఆ వేలు నల్లబడటానికి ఎక్కువ సమయం పట్టదు. "మీ మావ ఉండగా మట్టెలు తీసీమంటావేటి?" అంటారని నాకు తెలుసు, వార్డులో ఎంతమంది చేత విన్నానో. మామగారి చేతనే తీయించండి. వాపు దిగాక ఆయన చేతే మళ్ళీ పెట్టించుకోవచ్చని చెప్పండి. బిగుసుకుపోయి రాకపోతే లాగి చర్మం చీల్చకండి, ఆస్పత్రిలో కత్తిరిస్తారు. పట్టీ ఉంటే అదీ తీయాల్సిందే.

సరే, మీ ముందున్న దారులు చూద్దాం.

ఒకటి, ఇప్పుడు నడుస్తున్నట్టే నడవనివ్వడం. ఖర్చు లేదు, గొడవ లేదు, మీ కూలీ పోదు. గాయం అంతా పైపైదే అయితే ఇంకో వారం పది రోజుల్లో మానిపోనూ వచ్చు. కాని ఆ నొప్పి లేని చోటు లోతైనదైతే మూడు వారాలు దాటినా మానదు. మూడు వారాలు దాటి మానేవి గట్టి మచ్చ కడతాయి, చీలమండ లాంటి మడత దగ్గర ఆ మచ్చ బిగిసి కాలు సరిగా మడవనివ్వదు. ఈలోగా ఇన్‌ఫెక్షన్ పాకితే, సుగర్ పాదంలో అది ఎముక దాకా పోవచ్చు. మీ అత్తగారు భయపడుతున్న మాట నిజమయ్యేది ఎక్కువగా అలాంటి ఆలస్యంలోనే.

రెండు, ఆడపడుచు చెబుతున్న పసరు. నాటువైద్యాన్ని వెక్కిరించే అలవాటు నాకు లేదు. ముంబైలో డాక్టర్లు అరటాకులను ఆస్పత్రి యంత్రంలో సూక్ష్మజీవులు చచ్చేలా ఉడికించి కాలిన గాయాలకు కట్టుగా వేశారు, అంటుకోకుండా ఊడి వస్తుందని అది బాగా పనిచేసింది. అక్కడ ఆకు కన్నా ఆ శుభ్రతే ముఖ్యం. రోటిలో నూరిన పసరుకు ఆ శుభ్రత ఉండదు. ఆకు మీది మట్టి, నూరినవాళ్ళ చేతి మురికి, అన్నీ తెరిచిన గాయంలోకి వెళ్తాయి. పైగా ఆకుపచ్చ రంగు అంటుకున్నాక రేపు డాక్టరు చూసినా లోతు తెలియదు. పసుపు, సిరా, పసుపు రంగు బర్నాల్ పూసుకుని వచ్చేవాళ్ళతోనూ ఇదే తలనొప్పి. చర్మం మూతపడని గాయానికి, అందులోనూ సుగర్ పాదానికి, ఈ దారి వద్దనే చెబుతాను.

మూడు, మందు ఆపేసి గాలికి ఆరబెట్టడం. మన వైపు చాలామంది చేసేది. పైన పెచ్చు కట్టి మానినట్టు కనబడుతుంది, నడిస్తే ఆ పెచ్చు పగులుతుంది, పగుళ్ళలోకి దుమ్ము, ఈగలు. కాలిన గాయం తడి ఆరకుండా, శుభ్రంగా కప్పి ఉంచితేనే త్వరగా మానుతుంది.

నాలుగు, ఈ రెండు రోజుల్లోనే ఆస్పత్రికి తీసుకెళ్ళడం. మీకు పలాస దగ్గర, అక్కడ చూపించండి. సర్జరీ డాక్టరు చూడాలంటే టెక్కలి గాని, శ్రీకాకుళం రిమ్స్ గాని పంపుతారు. సుగర్ ఉన్నవాళ్ళకు పాదం కాలితే, ఎంత చిన్నదైనా, డాక్టరు చూసి తీరాలన్నది ఎక్కడైనా పాటించే నియమం. వెళ్తే ఏం జరుగుతుంది? గాయం కడిగి చూస్తారు. పైపైదే అయితే క్రీము ఆపి, వ్యాజలీన్ లాంటిది అద్దిన పారఫిన్ గాజుగుడ్డ కట్టు వేసి పంపవచ్చు, అది ఊడదీసేటప్పుడు నొప్పి తక్కువ, రోజూ మార్చక్కర్లేకపోనూ వచ్చు. ఇన్‌ఫెక్షన్ భయం ఉంటే ఇదే క్రీము ఇంకొన్నాళ్ళు రాయమనవచ్చు. లోతైనదైతే తొడ మీంచి పల్చటి చర్మం పొర తీసి అక్కడ అతికించే ఆపరేషన్ గురించి మాట్లాడవచ్చు. అలాంటివి ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మన పాత ఆరోగ్యశ్రీ కింద చేయించుకునే వీలుందేమో ఆస్పత్రిలో ఆ పథకం సంగతులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి. పోయేది మీ ఒకటి రెండు రోజుల కూలి. అది తక్కువని నేననను. అయినా నాలుగిట్లో నేను చెప్పేది ఇదే.

ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు బీరువాలోని ఆ క్రియాటినిన్ కాగితం తప్పకుండా తీసుకెళ్ళండి. రెండు కారణాలు. మొదటిది నొప్పి బిళ్ళలు. మీరు పేరు రాయలేదు. అది డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ జాతిదైతే 1.9 ఉన్న కిడ్నీకి అది మంచిది కాదు, అదీ రోజుకు రెండు చొప్పున ఇన్ని రోజులు. బిళ్ళల అట్ట వెంట పెట్టుకుని చూపించండి. ఈలోపు నొప్పికి పారాసిటమాల్ చాలు. నన్నడిగితే మీ ఇంట్లో ఈ పది రోజుల్లో జరిగిన హాని క్రీము వల్ల కన్నా ఈ బిళ్ళల వల్లే ఎక్కువ కావచ్చు. రెండోది క్రీములోని సల్ఫా. తెరిచిన గాయం గుండా అది కొంత రక్తంలోకి ఎక్కుతుంది, బయటికి పోవాల్సింది కిడ్నీ గుండానే. పాదమంత గాయానికి ఎక్కేది కొద్దిపాటే, కంగారు పడక్కర్లేదు, కాని డాక్టరుకు తెలియాలి. అలాగే అత్తగారికి ఎప్పుడైనా సెప్ట్రాన్ లాంటి సల్ఫా బిళ్ళలు వేసుకుంటే దద్దుర్లు వచ్చాయా అని అడిగి చూడండి. వచ్చి ఉంటే ఈ క్రీము ఇవాళే ఆపేసి ఆ సంగతి ముందుగా చెప్పాలి.

డాక్టరు క్రీమే కొనసాగించమంటే కట్టు మార్చే పద్ధతి ఇది. అరగంట ముందు పారాసిటమాల్ వేయండి. మీరు పిక్కలు కొట్టే పని చేస్తారు కాబట్టి మీ చేతులకు జీడి నూనె అంటి ఉంటుంది, వేళ్ళు నల్లబడి పగిలి ఉంటాయి. సబ్బుతో కడుక్కున్నా సరిపోదు, మందుల షాపులో దొరికే చేతి తొడుగులు వేసుకోండి. ఆ నూనె గాయానికి తగిలితే కాలిన చోట మళ్ళీ కాలినట్టే. పాత కట్టును నీళ్ళతో తడిపి తడిపి ఊడదీయండి, లాగొద్దు. పాత క్రీము మొత్తం కడిగేయండి. కొత్తది గాయం కనబడనంత పల్చటి పూత, రూపాయి బిళ్ళంత మందం రాస్తే చాలు, చుట్టూ మంచి చర్మం మీద మెత్తొద్దు. ట్యూబు మూతి గాయానికి తగలకూడదు. వేళ్ళ మధ్య విడివిడిగా గాజుగుడ్డ ముక్కలు పెట్టండి, లేకపోతే వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుంటాయి. దూది నేరుగా వేయొద్దు, పోగులు గాయంలో ఉండిపోతాయి. తర్వాత కాలు దిండు మీద ఎత్తుగా పెట్టించండి. వాపు దిగితే సగం నొప్పి పోతుంది. గాయం మూతపడి కొత్త చర్మం పరుచుకోవడం మొదలయ్యాక ఈ క్రీముతో పని లేదు, అప్పుడు ఆపమని డాక్టరే చెబుతారు. చెప్పకపోతే మీరే అడగండి.

పథ్యం. పప్పు తింటే చీము పడుతుందన్నది మన ఊళ్ళన్నిట్లో ఉన్న నమ్మకం. గాయం మానడానికి ఒంటికి కావాల్సిన మాంసకృత్తులు దొరికేదే పప్పు, గుడ్డు, చేపల్లో. వాటిని ఆపేసి కారం లేని చారన్నం పెడితే కొత్త చర్మం దేనితో కడుతుంది? అయితే మీ అత్తగారికి కిడ్నీ సంగతి కూడా ఉంది కాబట్టి రోజుకు ఎంత తినాలో ఆ కాగితం చూసి డాక్టరు చెప్పాలి. పూర్తిగా మానేయడం మాత్రం తప్పు. వంకాయ తిన్నా తినకపోయినా గాయానికి ఒకటే, ఆడపడుచు సంతోషం కోసం అది మానేయండి. సుగర్ పరీక్ష మాత్రం చేయించండి. గాయం ఉన్నప్పుడు అది పెరుగుతుంది, పెరిగితే గాయం మానదు.

ఇంట్లో మాట చెల్లే సంగతికి వస్తే, భర్తతో ఫోన్‌లో వాదించి గెలవడం కష్టం, ఆయనకు కాలు కనబడటం లేదు. రేపు కట్టు మార్చేటప్పుడు వీడియో కాల్ చేసి, కడిగిన గాయం చూపించండి. నొప్పి లేని చోట అత్తగారి చేతే "ఇక్కడ తెలీడం లేదురా" అని చెప్పించండి. అమ్మ నోటి నుంచి విన్న మాట ఆయన కొట్టేయలేరు. ఆస్పత్రికి ఆడపడుచును కూడా రమ్మని మీరే పిలవండి. "వదినా, మీరు పక్కన ఉంటే అత్తకు ధైర్యం" అంటే కాదనరు. అక్కడ నర్సు పొర తుడిచి చూపిస్తే చీమో మందో ఆవిడ కళ్ళతోనే చూస్తారు, మీరు రుజువు చేయాల్సిన పని ఉండదు. ఆవిడ రానంటే పసరు రెండు రోజులు ఆపమని మాత్రం మాట తీసుకోండి. ఆర్ఎంపీ డాక్టరుకు కూడా ముందు చెప్పి వెళ్ళండి. తిరిగి వచ్చాక ఆస్పత్రివాళ్ళు చెప్పిన కట్టు ఆయన చేత వేయించుకోవచ్చు, ఊళ్ళో అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే కదా.

అత్తగారి భయాన్ని తోసిపుచ్చొద్దు. ఆవిడ ఎవరి కాలో తీసేసిన సంగతి విని ఉంటారు. ఆస్పత్రిలో అడుగు పెట్టిన వెంటనే "ఈ కాలుకు ఏం చేస్తారు?" అని ఆవిడ చేతే అడిగించండి. కాలు ఆవిడది. మనమందరం ఆవిడ తల మీదుగా మాట్లాడుకుంటున్నాం.

ఈ దారుల లెక్కలేవీ చూడకుండా అప్పటికప్పుడు 108కి ఫోన్ చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. చలితో జ్వరం, గాయం నుంచి కుళ్ళు వాసన, ఎరుపు పిక్క వైపు పాకడం, వేళ్ళు చల్లబడటం లేదా నల్లబడటం, మనిషి మగతగా ఉండటం, మూత్రం బాగా తగ్గిపోవడం. వీటిలో ఒక్కటి కనబడినా రాత్రా పగలా అని చూడొద్దు.

చివరిగా ట్యూబు. ఇంట్లో ఉంచుకుని ఎవరికి కాలినా రాయడం వద్దు. చేతికి ఆవిరి తగిలి ఎర్రబడితే దానికి ఏ బాక్టీరియా మందూ అక్కర్లేదు. రెండు నెలల లోపు పసిబిడ్డలకు ఇది రాయకూడదు, నెలలు నిండిన గర్భిణులకు రాయకూడదు, సల్ఫా వల్ల బిడ్డకు కామెర్లు మెదడుకు ఎక్కే ప్రమాదం ఉంది. ముఖానికి, కళ్ళ దగ్గర సొంతంగా రాయొద్దు. మీ వేళ్ళకు జీడి నూనె పుళ్ళు పడినప్పుడు కూడా ఇది మందు కాదు. మూత తీసి ఉంచితే, వెలుతురు తగిలితే క్రీము నల్లబడుతుంది, నల్లబడినది పారేయాల్సిందే. ఎవరికైనా కాలితే మీ బోరు పంపు నీళ్ళే మొదటి మందు. ఐసు కాదు, మామూలు నీళ్ళు, ఇరవై నిమిషాలు ఆగకుండా ధారగా. కాలిన మూడు గంటల లోపు ఎప్పుడు పోసినా ఉపయోగమే. గాజులు, ఉంగరాలు, మట్టెలు ఆ నీళ్ళ కిందే తీసేయాలి. బొబ్బలు చిదపకుండా ఉతికిన పల్చటి గుడ్డ కప్పి, గాయం మీద ఏ రంగూ పూయకుండా ఆస్పత్రికి బయల్దేరండి. మీ అబ్బాయికి కూడా ఇప్పటి నుంచే నేర్పండి, మీరు పనికెళ్ళిన వేళ ఇంట్లో వాడూ ఉంటాడు కదా.